ఎముకల కుండ: డెనిస్ పాపిన్ జీవిత చరిత్రము

చలికాలపు రాత్రి వండిన మేకకాళ్ళ పులుసు, అనఁగా మనవారు పాయా యని పిలుచు వంటకము, కొంత మిగిలి తెల్లవారువఱకు గిన్నెలోనే యుండినయెడల, ఉదయమున మూఁత తీసి చూచువారికి ఒక వింత కనఁబడును. రాత్రి నీళ్ళవలె పాఱిన పులుసు ప్రొద్దుటికి లేత తాటిముంజవలె గడ్డకట్టి, గిన్నె కదలినపుడెల్ల తానును వణఁకుచుండును. పొయ్యిమీఁద పెట్టిన కొలదిసేపటికే అది మరల నీరగును. ఈ వింతను మన తల్లులు ఎన్నియో తరములనుండి చూచుచునే యున్నారు. అయినను దీనినిగూర్చి పట్టుదలతో ఆలోచించి, పాఱవేయఁబడు ఎముకలనుండి బీదవారికి ఆహారము తీయవచ్చునని తలఁచి, ఆ తలఁపునకై ఒక యంత్రమును నిర్మించిన మహనీయుఁ డొకఁడు మూఁడువందల యేండ్లకు పూర్వము ఫ్రాన్సు దేశమున జన్మించెను. అతఁడే డెనిస్ పాపిన్. నేఁడు మన యిండ్లలో ఈల వేయు ప్రెషర్ కుక్కరునకు అతఁడే మూలపురుషుఁడు.

అతని చరిత్రమును చెప్పుటకు ముందు ఈ గడ్డకట్టు గుణమునకు కారణమును తెలిసికొనుట యుక్తము. జంతువుల చర్మమునందును, కీళ్ళయందును, ఎముకలయందును కొల్లాజెన్ అను పదార్థము గలదు. అది మూఁడు పోగులను పేనిన త్రాటివలె నుండును. వేఁడినీటిలో చాలసేపు ఉడికినపుడు ఆ పేనిక విడిపోయి, పోగులు నీటిలో కలిసిపోవును. ఇట్లు విడిన పదార్థమునకే జెలటిన్ అని పేరు. చల్లారినపుడు ఆ పోగులు అక్కడక్కడ మరల పెనవేసికొని వలవలె నేర్పడి, తమ నడుమ నీటిని పట్టి యుంచును. అదియే జెల్లీ. మన దేహపు వేఁడికంటె కొంచెము తక్కువ వేఁడియందే కరఁగును గనుక, నాలుకపై నుంచిన కొలదిసేపటికే అది నీరగును. వడ్రంగి పలకల నతికించుటకు వాడెడి సరేసును, మందు గుళికల పైపొరయు, విందులలో వడ్డించు రంగురంగుల జెల్లీయు ఈ యొక్క పదార్థపు రూపభేదములే.

ఈ గుణమును కనుఁగొనని జాతి లేదనుట అతిశయోక్తి కానేరదు. మన హైదరాబాదు ప్రాంతమున పాయాను ఉదయమున వేఁడివేఁడిగా రొట్టెతో తినుట వాడుక. తురుష్కులు గొఱ్ఱెకాళ్ళ పులుసును పాచా యందురు. పదవ శతాబ్దమున బాగ్దాదు నగరమున కూర్పఁబడిన అరబ్బీ పాకశాస్త్ర గ్రంథమునందు చేపలతో చేయు జెల్లీ వర్ణింపఁబడి యున్నది. రుష్యావారు మాంసమును కాళ్ళతోఁ గూడ రాత్రియంతయు ఉడికించి, చలిలో గడ్డకట్టించి, ముక్కలుగా కోసి, ఘాటైన ఆవముద్దతో నంజుకొని పండుగలయందు తిందురు. దానికి వారు ఖలొదెత్స్ అని పేరిడిరి. చీనావారు గడ్డకట్టిన మాంసరసపు ముక్కను పిండితో చుట్టి ఆవిరిపై ఉడికింతురు. అప్పుడు లోపలి గడ్డ కరఁగి, కొఱికినవాని నోట పులుసై నిండును. జపానువారు జంతువుల జోలికి పోక సముద్రపు నాచునుండి ఇట్టి గడ్డనే తీసి, తీపి పదార్థములు చేయుదురు. మన అంగళ్ళలో చైనా గ్రాస్ అను పేర అమ్మఁబడు తెల్లని పోగులు ఆ జాతివే.

ఐరోపాఖండమున మాత్రము జెల్లీ చిరకాలము ధనవంతుల వంటకమై యుండెను. దూడకాళ్ళను గాని, జింకకొమ్ముల పొడిని గాని, ఒకజాతి పెద్ద చేపల కడుపులోని గాలితిత్తిని గాని గంటలకొలది ఉడికింపవలెను. పైకి తేలిన క్రొవ్వును మురికిని మాటిమాటికి తీసివేయవలెను. గ్రుడ్డు తెల్లసొన వేసి తేటపఱచి, గుడ్డలో వడియఁగట్టి, చక్కెరయు ద్రాక్షారసమును సుగంధద్రవ్యములును కలిపి, చల్లని నేలమాళిగలో నుంచవలెను. ఇందులకు కట్టెలు, పనివారు, చక్కెర అన్నియు కావలెను. ఆ దినములలో చక్కెర మిక్కిలి ప్రియము. కావున రాజుల విందులయందు కోటలవలె, సింహములవలె పోఁతపోసిన జెల్లీలు బల్లలమీఁద వెలయుచుండఁగా, ఊరి బీదవాఁడు దాని రుచి యెఱుఁగకుండెను. వంటయింటినుండి వెడలిన ఎముకలు కుక్కలపాలగుచుండెను. ఈ వైషమ్యమే పాపిన్ మనస్సును ఆకర్షించినది.

డెనిస్ పాపిన్ 1647వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన, ఫ్రాన్సు దేశములోని బ్లవా పట్టణ సమీపమున షిటెనే యను గ్రామమున జన్మించెను. అతని వంశీయులు ప్రొటెస్టంటు క్రైస్తవులు. వారిని ఫ్రాన్సున హ్యూగెనాట్లని పిలిచెడివారు. 1598లో నాల్గవ హెన్రీ రాజు నాంటు శాసనమును ప్రకటించి, ఈ చిన్న సమాజమునకు తమ మతమును అవలంబించుటకు హక్కు నొసంగియుండెను. ఆ శాసనపు నీడయందే పాపిన్ పెరిగెను. ఆంజే నగరమున వైద్యశాస్త్రమును చదివి, 1669లో పట్టము పొందెను. కాని రోగుల నాడి పట్టి చూచుటకంటె యంత్రముల నాడి తెలిసికొనుటయందే అతని కభిరుచి మెండు. కొలదికాలములోనే అతఁడు పారిసు నగరము చేరి, క్రిస్టియన్ హైగెన్సు అను హాలెండు దేశపు మహాపండితునికి సహాయకుఁడయ్యెను.

ఆ కాలమున పండితులందఱి దృష్టియు గాలిమీఁదనే యుండెను. పాత్రలోని గాలిని తోడివేసి శూన్యము కలిగించు పంపు క్రొత్తగా వెలసినది. శూన్యమున దీపము ఆఱిపోవుటయు, శబ్దము వినఁబడకుండుటయు జనుల కాశ్చర్యము గొలిపెను. పాపిన్ ఈ పంపును మెఱుగుపఱచి, శూన్యమును గూర్చి తాను చేసిన ప్రయోగములను 1674లో గ్రంథముగా ప్రకటించెను. గాలి లేని పాత్రలో పండ్లును మాంసమును ఎన్నినాళ్ళు చెడకుండునో హైగెన్సుతోఁ గూడి పరీక్షించెను. వంటయింటికిని ప్రయోగశాలకును నడుమ గోడ లేదను భావము అప్పటినుండియే అతనికి కుదిరినది.

1675లో అతఁడు సముద్రము దాఁటి లండను నగరమున కేఁగెను. అచ్చట రాబర్టు బాయిల్ అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుఁడు అతనిని తన ప్రయోగశాలలో చేర్చుకొనెను. గాలి ఒత్తిడికిని దాని పరిమాణమునకును గల సంబంధమును మన విద్యార్థులు ఈ బాయిల్ పేరనే నేర్చుకొనుచున్నారు. అతని యొద్ద పనిచేయుచు పాపిన్ ఒక విషయమును లెస్సగా గ్రహించెను. తెఱచిన పాత్రలో నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడికి మరిగి ఆవిరియై పోవును గాని, అంతకు మించి వేఁడెక్కదు. ఆ ఆవిరిని బయటికి పోనీయక మూఁత బిగించి బంధించినచో, లోపలి ఒత్తిడి పెరిగి, నీరు మరుగుటకు ఇంకను ఎక్కువ వేఁడి కావలసి వచ్చును. అట్లు వేఁడెక్కిన నీటిలో గట్టి పదార్థములు సయితము త్వరలో మెత్తఁబడును. తెఱచిన కుండలో గంటలకొలది ఉడికినను కరఁగని ఎముక ఇట్టి కుండలో కరఁగక తప్పదని అతఁడు నిశ్చయించెను.

ఇట్లు పుట్టినదే అతని జీర్ణయంత్రము. కడుపు ఆహారమును జీర్ణము చేసినట్లు ఈ కుండ ఎముకలను జీర్ణము చేయును గనుక దానికా పేరు పెట్టెను. 1679లో లండనులోని రాయల్ సొసైటీ పండితసభ యెదుట దానిని ప్రదర్శించెను. అది మందమైన లోహపు పాత్ర. దానిపై మూఁతను పెట్టి మరలతో గట్టిగా బిగించుదురు. లోపలి వేఁడి యెంతో తెలిసికొనుటకు అతఁడు సులభమైన ఉపాయమును పన్నెను. మూఁతపైనున్న చిన్న గుంటలో ఒక నీటిబొట్టు వేసి, అది ఎన్ని సెకండ్లలో ఇఁగిరిపోవునో లోలకపు ఊఁపులతో లెక్కించుచుండెను. బొట్టు త్వరగా ఇఁగిరిన కొలది లోపల వేఁడి హెచ్చని భావము.

అయితే బంధింపఁబడిన ఆవిరి పగపట్టిన పామువంటిది. పాత్ర పగిలినచో వంటవాని ప్రాణమునకే ముప్పు. దీనికి పాపిన్ చేసిన ఉపాయమును మన నర్సంపేట ప్రాంతపు వారికి బోధించుట మిక్కిలి సులభము. కాకతీయుల కాలమున, 1213 ప్రాంతమున, మన సమీపముననే నిర్మింపఁబడిన పాకాల చెఱువును చూడుఁడు. వానలు మెండై నీరు మితిమీఱినపుడు కట్ట తెగకుండ, ఎక్కువైన నీరు మత్తడి దాఁటి పోవును. మత్తడి లేని చెఱువు ఎంత బలమైన కట్ట గలదైనను నిలువదు. పాపిన్ తన కుండ మూఁతకు అట్టి మత్తడినే యమర్చెను. మూఁతలో ఒక చిన్న రంధ్రము చేసి, దానిపై బిరడాను పెట్టి, బిరడాపై ఒక కమ్మీని అడ్డముగా నుంచి, కమ్మీ కొనకు బరువును వ్రేలాడఁదీసెను. ఒత్తిడి మితి దాఁటినంతనే ఆవిరి ఆ బరువు నెత్తుకొని బయటికి పోవును. మరల తగ్గినంతనే బరువు దిగి రంధ్రమును మూయును. ఇదియే రక్షక కవాటము. ఆవిరి యంత్రములకెల్ల ప్రాణరక్షకమైన ఈ సాధనము ఎముకల పులుసు కాచుటకై పుట్టినదని తలఁచినపుడు ఆశ్చర్యము కలుగక మానదు.

1680లో పాపిన్ రాయల్ సొసైటీ సభ్యుఁడయ్యెను. మఱుసటియేడు తన యంత్రమును గూర్చి ఆంగ్లమున ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. అందు వంట మాత్రమే గాక, ఓడప్రయాణములకును, మిఠాయి పనికిని, పానీయములకును, రసాయనశాస్త్రమునకును, అద్దకమునకును ఈ కుండ యెట్లుపయోగించునో వివరించెను. గొఱ్ఱెమాంసము, ఎద్దుమాంసము, కుందేలు, చేపలు, పప్పుగింజలు మున్నగువానిని ఒక్కొక్కదానినే వండి చూచి, ఎంత బొగ్గు పట్టినదో, ఏ వస్తువు ఎట్లు మెత్తఁబడినదో వ్రాసియుంచెను. అతని ముఖ్యాశయము ఒక్కటియే. ముదుసలి పశువు యొక్క గట్టి మాంసమును, విలువలేని ఎముకలును కొలది బొగ్గుతో మంచి ఆహారమైనచో, బీదవాని పళ్ళెములోనికి బలము చేరునని అతని నమ్మకము.

1682 ఏప్రిలులో రాయల్ సొసైటీ సభ్యులు కొందఱు ఈ కుండలలో వండిన విందును ఆరగించిరి. అందు పాల్గొనిన జాన్ ఈవ్లిన్ అను పెద్దమనుష్యుఁడు ఆ రాత్రి ముచ్చటను తన దినచర్యయందు వ్రాసి యుంచుటచేత అది మనకు తెలిసినది. ఎద్దు ఎముకలును గొఱ్ఱె ఎముకలును జున్నువలె మెత్తఁబడినవఁట. ఎనిమిది ఔన్సుల బొగ్గు సయితము పట్టకుండనే, అనఁగా సుమారు 225 గ్రాములలోపు బొగ్గుతోనే, విస్తారమైన రసము దిగినదఁట. చేపలను ముండ్లతోఁ గూడ తినుటకు ఏ యడ్డియు లేకుండెను. పావురపు మాంసము తన రసముననే ఉడికి మిక్కిలి రుచించెను. అన్నిటికంటెను ఎద్దు ఎముకలనుండి తీసిన జెల్లీ తేటయైన రూపముచేతను రుచిచేతను అందఱి మెప్పును పొందెను. ఈవ్లిన్ ఆ జెల్లీని ఒక గాజుపాత్రలో పెట్టించి తన భార్యకు పంపెను. రాజుల బల్లపై వెలసిన వంటకమును ఆ రాత్రి కుక్కలకు వేయు ఎముకలనుండి తీసి పండితులు భుజించిరి.

ఇంత పేరు వచ్చినను పాపిన్‌నకు నిలుకడయైన జీవనము దొరకలేదు. వెనిసు నగరమున క్రొత్తగా నేర్పడిన విద్వత్సభ పిలుపుపై అచ్చటికిఁబోయి కొంతకాలము ప్రయోగములు చేసెను. 1684లో లండనునకు మరలి వచ్చి, ఏడాదికి 30 పౌనుల జీతముపై రాయల్ సొసైటీలో ప్రయోగములు చూపు కొలువున చేరెను. సభ కూడినపుడెల్ల ఏదో యొక క్రొత్త ప్రయోగమును చూపవలెననుట ఆ కొలువునకు నియమము. ఇంతలో 1685 అక్టోబరు నెలలో ఫ్రాన్సు రాజగు పదునాల్గవ లూయీ నాంటు శాసనమును రద్దుచేసెను. హ్యూగెనాట్ల ప్రార్థనాలయములు కూల్పఁబడెను. వారి బోధకులు దేశము విడువవలసి వచ్చెను. లక్షలకొలది జనులు ఇండ్లును భూములును వదలి పరదేశములకు పాఱిపోయిరి. తన విశ్వాసమును మార్చుకొన్నఁగాని పాపిన్ స్వగ్రామమున అడుగు పెట్టఁజాలఁడు. అతఁడు విశ్వాసమును విడువలేదు. జన్మభూమినే విడిచెను.

హెస్సె-కాసెల్ రాజ్యమునేలు కార్ల్ అను జర్మను ప్రభువు నిరాశ్రయులైన హ్యూగెనాట్లకు తన రాజ్యమున చోటిచ్చుచుండెను. అతని యాహ్వానముపై పాపిన్ 1687లో మార్‌బర్గు విశ్వవిద్యాలయమున గణితాచార్యుఁడయ్యెను. 1691లో, తనవలెనే దేశము విడిచి వచ్చిన తన బంధువుల స్త్రీని, వితంతువును, వివాహమాడెను. ఈ కాలముననే అతని బుద్ధి కుండనుండి ఇంకొక మెట్టు పైకెక్కినది. మూఁతమీఁది బరువును ఆవిరి యెత్తుచున్నది గదా, ఆ యెత్తు శక్తి మనుష్యుని పని యేల చేయరాదని అతఁడు తలపోసెను. ఒక గొట్టములో కొంచెము నీరు పోసి, పైన కదలెడు ముషలకమును అమర్చి, క్రింద మంటపెట్టెను. ఆవిరి ముషలకమును పైకి నెట్టెను. మంట తీసివేయఁగా ఆవిరి నీరై, లోపల శూన్యమేర్పడి, బయటిగాలి ముషలకమును బలముగా క్రిందికి నొక్కెను. ఈ ప్రయోగమును 1690లో లైప్జిగు నగరపు పండిత పత్రికయందు ప్రకటించెను. ఆవిరి యంత్ర చరిత్రమున ఇది మొదటి మెట్లలో నొకటి.

తరువాత అతఁడు కాసెల్ నగరమున ప్రభువు కొలువులో నుండి, నీరు తోడు యంత్రములను, ఇతర సాధనములను నిర్మించెను. లైబ్నిట్జు అను మహాపండితుఁడు అతనితో చిరకాలము ఉత్తరప్రత్యుత్తరములు నడపుచు ప్రోత్సహించుచుండెను. కాని ప్రభువు కొలువున ఈర్ష్యాళువులు మెండు. అనుకొన్న పనులకు ధనము చాలకుండెను. కడకు 1707లో అతఁడు చక్రపు తెడ్లు గల ఒక పడవను నిర్మించి, ఫుల్డా నదిపై దిగువకు బయలుదేఱెను. వేజరు నదిమీఁదుగా సముద్రము చేరి లండను పోవలెనని అతని యాశ. ముండెన్ పట్టణమున పడవవాండ్ర సంఘమువారు అడ్డగించిరి. ఆ నదిపై పడవ నడపు హక్కు తమదేయని వారి వాదము. వారు పడవను పట్టుకొని ధ్వంసము చేసిరి. అది ఆవిరితో నడచిన పడవయని జనులు చాలకాలము చెప్పుకొనిరి గాని, మనుష్యుల చేతులతో త్రిప్పఁబడిన చక్రములు గలదని అతని యుత్తరములను పరిశీలించినవారు తేల్చియున్నారు. ఎట్లైనను అరువదేండ్ల వయస్సున ఆ ముసలివాఁడు తన కష్టము ముక్కలగుటను కన్నులార చూడవలసి వచ్చెను.

లండను చేరునప్పటికి కాలము మాఱిపోయినది. అతని నాదరించిన బాయిల్ 1691లోను, రాబర్టు హుక్ 1703లోను గతించియుండిరి. ఐజాక్ న్యూటన్ సభాధ్యక్షుఁడై యుండెను. పాపిన్ తన యంత్రములకై సహాయము కోరి పలుమాఱులు విన్నవించుకొనెను గాని, ఆశించిన సాయము లభింపలేదు. అతఁడు సమర్పించిన పత్రములు కొన్ని అతని పేరైన చెప్పకుండ సభలో చదువఁబడెను. 1712 జనవరి 23వ తేదీన వ్రాసిన యుత్తరమే అతని చేతివ్రాతలో మనకు లభించిన కడపటిది. దాని తరువాత అతఁ డేమయ్యెనో రెండువందల యేండ్లకు మించి ఎవ్వరికిని తెలియలేదు. ఇటీవలి కాలమున లండను నగరపు పాత దస్తావేజులలో, ఫ్లీటు వీధియందలి సెయింటు బ్రైడ్ దేవాలయపు సమాధుల పట్టికయందు, 1713 ఆగస్టు 26వ తేదీన డెనిస్ పాపిన్ అను నతఁడు పాతిపెట్టఁబడినట్లు కనుఁగొనిరి. అఱువదియాఱవ పుట్టినదినము గడచి అప్పటికి నాలుగు దినములైనది.

అతఁడు కడపటి యుత్తరము వ్రాసిన 1712వ సంవత్సరముననే, థామస్ న్యూకొమెన్ అను ఇంగ్లీషు లోహకారుఁడు ఆవిరితో ముషలకము నాడించి, గనులలోని నీటిని తోడు యంత్రమును పనిచేయించెను. పాపిన్ చూపిన సూత్రమే అందు గలదు. 1879లో షార్ల్ షాంబర్లాం అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు ఆ జీర్ణయంత్రపు పద్ధతినే అనుసరించి, వైద్యుల పరికరములను ఆవిరి ఒత్తిడిచే శుద్ధిచేయు పాత్రను సిద్ధపఱచెను. నేఁటి ఆసుపత్రులలో కత్తులును గుడ్డలును సుమారు 121 డిగ్రీల వేఁడికి శుద్ధి యగుచున్నవన్న, అది యెముకల కుండ యొక్క సంతానమే. 1950ల చివరినుండి మన దేశముననే ప్రెషర్ కుక్కర్లు తయారగుటకు ఆరంభించి, పప్పును కూరలను త్వరగా ఉడికించి, కట్టెలును కాలమును మిగుల్చుచున్నవి.

ఇఁక అతని మొదటి యాశ యేమయ్యెను? ఎముకల జెల్లీతో బీదలను పోషింపవచ్చునను తలఁపు చావలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఫ్రాన్సున డార్సే అను రసాయనవేత్త ఎముకలనుండి జెలటిన్ తీయు మార్గములను కనిపెట్టి, ఆసుపత్రులలోను సత్రములలోను రోగులకును బీదలకును ఆ పులుసు పోయించెను. ఇది మాంసమునకు బదులగునని పలువురు నమ్మిరి. కాని దానిని త్రాగినవారికి బలము చేకూరుట లేదను సందేహము పుట్టినది. మజాండీ అను వైద్యుని యాధ్వర్యవమున నియమింపఁబడిన విచారణసంఘము కుక్కలపై పరీక్షలు చేసి, 1841లో తన నిర్ణయమును తెలిపెను. జెలటిన్ ఒక్కదానితోనే పోషింపఁబడిన జంతువులు కృశించి మరణించుచున్నవి. దేహమునకు ఆవశ్యకమైన మాంసకృత్తుల భాగములలో ట్రిప్టోఫాన్ అనునది జెలటిన్‌నందు లేకుండుటయే ఇందులకు ముఖ్యకారణములలో నొకటియని తరువాతి శాస్త్రము కనుఁగొనెను. పప్పుతోను, పాలతోను, గ్రుడ్డుతోను కలిసినపుడు అది ఆహారమునకు తోడగును గాని, ఒంటరిగా ప్రాణము నిలుపఁజాలదు. పాపిన్ దయ గొప్పది. కాని దయ యొక్కటియే చాలదు. మనము పెట్టునది తినువానికి నిజముగా బలమిచ్చుచున్నదా యని పరీక్షించుటయు దయలో నొక భాగమే.

బీదలకు పోషణము కాలేకపోయినను జెల్లీ వారి విందుకు మాత్రము చేరినది. 1845లో అమెరికాలో పీటర్ కూపర్ అను పారిశ్రామికుఁడు జెలటిన్ పొడికి ప్రత్యేకహక్కు పొందెను. 1897లో న్యూయార్కు రాష్ట్రములోని లె రాయ్ గ్రామమున పెర్ల్ వెయిట్ అను నతఁడు ఆ పొడికి చక్కెరను పండ్ల రుచిని కలిపెను. అతని భార్య దానికి జెల్లో యని పేరు పెట్టెను. గంటలకొలది కాళ్ళనుడికించు పని తప్పి, కాఁగిన నీటిలో పొడి కలుపుటతోనే జెల్లీ సిద్ధమయ్యెను. ఇరువదవ శతాబ్దపు నడిమికాలమున అమెరికా గృహిణులు క్యాబేజీని, క్యారట్లను, చేపలను సయితము రంగుల జెల్లీలో బిగించి విందులకు వడ్డించిరి. ఆ మోజు తరువాత సన్నగిల్లెను. ఇదే కాలచక్రమున వేఱొక వంటయింటి జెల్లీ లోకోపకారము చేసెను. 1881లో జర్మనీలో ఫానీ హెస్సె యను గృహిణి, తాను పండ్ల జెల్లీకి వాడు సముద్రపు నాచుగడ్డను సూక్ష్మజీవులను పెంచుటకు వాడుమని తన భర్తకు సలహా యిచ్చెను. వేసవి వేఁడికి జెలటిన్ కరఁగిపోవుచుండఁగా ఆ నాచుగడ్డ కరఁగలేదు. నేఁటికిని రోగపరీక్షాలయములలో అదియే వాడుకలో నున్నది.

ప్రియ విద్యార్థులారా, పాపిన్ జీవితమును లౌకికుల త్రాసుతో తూఁచినచో అపజయమే మిగులును. స్వదేశమున నిలువ నీడ లేదు. పడవ పగిలినది. యంత్రముల పేరు ఇతరులకు దక్కినది. సమాధి స్థలము సయితము మూఁడు శతాబ్దులు మఱుఁగుపడినది. నేఁడు బ్లవా పట్టణమున అతని పేరు గల సోపానములపై అతని విగ్రహము నిలిచియున్నది గాని, ఆ గౌరవము అతఁడు గతించిన నూటయేఁబదియేండ్లకు పిమ్మట వచ్చినది. అయినను అతఁడు విడువని వస్తువులు రెండు గలవు. ఒకటి తన విశ్వాసము. రెండవది, లోకము పాఱవేసిన దానిలో ఏమి దాగియున్నదో చూడవలెనను పట్టుదల. అయిదు రొట్టెల విందు ముగిసిన పిమ్మట మిగిలిన ముక్కలను గంపల కెత్తించిన ప్రభువు చరిత్రమును మనము ప్రార్థనాలయమున వినుచున్నాము. ఆ పాఠమును ఈ హ్యూగెనాటు ఎముకలయందు చదివెను.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు వంటయింట కూర్చుండి, కుక్కరు ఏల ఈల వేయుచున్నది, పులుసు ఏల గడ్డకట్టినదని ప్రశ్నించినపుడు విసుగుకొని పంపివేయకుఁడు. ఆవిరి యంత్రమును, ఆసుపత్రి శుద్ధిపాత్రయు అట్టి ప్రశ్ననుండియే పుట్టినవి. బాలురారా, బాలికలారా, ఈ చలికాలమున మీ యింట గిన్నెలో పులుసు గడ్డకట్టినపుడు, దానిని మెల్లగా కదలించి చూడుఁడు. ఆ వణఁకు గడ్డలో ఒక పరదేశి కష్టమును, అతఁడు ఎన్నడును చూడని బీదలపై అతనికి గల ప్రేమయు మీకు జ్ఞాపకము రావలెను. పిమ్మట పొయ్యిమీఁద పెట్టి, అది కరఁగునపుడు ఏ పోగులు ఏల విడిపోవుచున్నవో మీ తమ్మునికో చెల్లెలికో చెప్పుఁడు. అట్లు చెప్పిననాఁడు పాపిన్ పేరు మన నర్సంపేటలోను నిలిచినట్లే.